దహనం కాని దేహాలు: బరంపురం నుంచి కొరాపుట్ దాకా

చనిపోయిన మనిషి దేహాన్ని చెడిపోకుండా నిలవచేసి, అద్దాల వెనక నిలబెట్టి, టిక్కెట్టు కొన్న ప్రతివారికీ చూపించడం తప్పని చెప్పే మతపెద్దల మాటలు కొన్నేళ్లుగా పత్రికల్లో చదువుతూ వచ్చాను. అవన్నీ జర్మనీ వారివో, ఈజిప్టు వారివో, అమెరికా వారివో అయి ఉండేవి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఏడవ నిజాం 1930లో ఇచ్చిన ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది. తరతరాలుగా బడిపిల్లలను వరుసలో నిలబెట్టి చూపిస్తున్నాం గాని, ఆ అమ్మాయికి జరగవలసిన కర్మ సంగతి మనలో ఎవరూ ఎత్తినట్లు లేదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు మాట్లాడేవారి మధ్యనే అగ్రహారం వీధి, టిబెట్టు మఠం, సవరల కొండ ఊళ్లు, బాప్టిస్టు చర్చి, జగన్నాథుని గుడి ఒకే దారిలో తగులుతాయి. చుట్టాలు కూడా అటే ఉన్నారు కనుక, దేహాన్ని ఇలా చూపించడం గురించి వీళ్లేమంటారన్న ప్రశ్నను వెంటబెట్టుకొని బయలుదేరాను.

మొదటి రోజు: బరంపురం

స్టేషను బయట ఆటో బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగింది. మా మేనల్లుడు ఇక్కడే వైద్యవిద్య చదువుతున్నాడు. వాడి గదిలో కాఫీ తాగుతూ మొదటి ఏడాది సంగతులు అడిగాను. శవాన్ని ముట్టుకోవడానికి ముందు విద్యార్థులందరూ నిలబడి ప్రమాణం చేస్తారట. ఆ దేహాన్ని తొలి గురువుగా భావించాలన్నది ఇప్పుడు దేశమంతటా వైద్య పాఠ్యక్రమంలోనే ఉంది. కాలేజీల్లో శరీరశాస్త్ర విభాగానికి అనుబంధంగా ఒక మ్యూజియం ఉంటుంది. అక్కడ ఫార్మాలిన్ నింపిన సీసాల్లో గుండె, మెదడు, మూత్రపిండం ఉంటాయి, నెలలు నిండని శిశువులు కూడా. సీసా మీద అంకె, లోపలున్న లోపం పేరు తప్ప మరేమీ రాసి ఉండదు.

"గుండె చూస్తే ఏమీ అనిపించదు మావయ్యా. ఆ శిశువుల అర దగ్గర మాత్రం అమ్మ ఒక్క నిమిషం నిలబడలేకపోయింది" అన్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి తల్లిదండ్రులను లోపలికి రానిచ్చినప్పటి సంగతి అది.

ఆ సాయంత్రం రామలింగం చెరువు దగ్గర ఉండే ఒక వృద్ధ పురోహితుల దగ్గరకు వాడే తీసుకెళ్లాడు. ఆయన మూడు తరాలుగా ఈ ఊళ్లోని తెలుగు ఇళ్లలో అపరకర్మలు చేయించే కుటుంబం వారు. మా అక్క కన్నీళ్ల సంగతి విని ఆయన చెప్పిన మొదటి మాట నేను ఊహించనిది. పసిపిల్లలకు దహనం లేదు, పాతిపెట్టడమే ఆచారం, పెద్ద కర్మ అసలే లేదు. కాబట్టి శాస్త్రం దృష్టిలో ఆ సీసాలకంటే పెద్దవాళ్ల దేహాల సంగతే ఎక్కువ బరువైనదట. తల్లి మనసుకు మాత్రం ఆ లెక్క పట్టదని ఆయనే నవ్వారు.

వైద్యం కోసం శవాన్ని కోయడాన్ని ఆయన తప్పుపట్టలేదు. సుశ్రుతుడు శారీరస్థానంలో ఆ పద్ధతి చెప్పాడు కదా అన్నారు. అవయవలోపం లేని, విషం వల్ల గాని దీర్ఘరోగం వల్ల గాని పోని మనిషి దేహాన్ని ముంజగడ్డి, దర్భ వంటివాటితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో మరుగుగా ఉంచి, ఏడు రాత్రుల తర్వాత బయటికి తీసి, వట్టివేళ్ల కుంచెతోనో వెదురు కుంచెతోనో పొరపొరగా రుద్దుతూ లోపలి భాగాలు కంటితో చూసి నేర్చుకోవాలని అందులో ఉంది. నాకు ఆ "మరుగుగా" అన్నది ముఖ్యమనిపించింది. నేర్చుకునేవాడు చూస్తాడు, ఊరు చూడదు. కలకత్తా వైద్య కళాశాలలో 1836లో మధుసూదన్ గుప్తా శవచ్ఛేదం చేసినప్పుడు అంత గగ్గోలు పుట్టిందంటే, సుశ్రుతుడికీ ఆనాటికీ మధ్య మనం ఆ పుటను చదవడం మానేశామన్న మాట.

"దేహం దొరకకపోతే మాకు విధి ఉంది" అన్నారు ఆయన. ఏటిలో కొట్టుకుపోయినవాళ్లకు, దేశాంతరంలో పోయినవాళ్లకు మోదుగ కాడలు 360 లెక్కపెట్టి తెచ్చి, ఒక్కొక్క అవయవానికి ఇన్నేసి అని పేర్చి, మనిషి ఆకారం చేసి దానికి నిప్పు పెడతారు. చరకుడు చెప్పిన ఎముకల లెక్క కూడా 360 కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. "దొరికిన దేహం కళ్ల ముందు అద్దంలో నిలబడి ఉంటే మోదుగ బొమ్మను ఎలా తగలెయ్యమంటారు? పోయాడనుకొని చేసే కర్మ అది. ఉన్నవాడికి చేయించలేను."

జర్మనీ నుంచి వచ్చిన పద్ధతిని మేనల్లుడు ఆయనకు వివరించాడు. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గుంథర్ ఫాన్ హాగెన్స్ 1977లో కనిపెట్టిన ఆ పద్ధతిలో, దేహంలోని నీటినీ కొవ్వునూ అసిటోన్‌తో లాగేసి, ఆ ఖాళీల్లోకి గాలిలేని తొట్టిలో సిలికోన్ వంటి పదార్థాన్ని ఎక్కిస్తారు. ఆ తర్వాత అది కుళ్లదు, వాసన రాదు, కావలసిన భంగిమలో నిలబడుతుంది. 1995లో టోక్యోలో మొదలైన ఆ ప్రదర్శనలను ఇప్పటికి కోట్లమంది చూశారు. గుర్రమెక్కిన శవం, చదరంగం ఆడే శవం అని వాడు చెబుతుంటే పురోహితులు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఎన్నేళ్లు ఉంటుంది?" అని మాత్రం అడిగారు. ఎన్నేళ్లయినా ఉంటుందని మేనల్లుడు చెప్పాడు.

రెండో రోజు: చంద్రగిరి

దిగపహండి, తప్తపాణి దాటి కొండలెక్కితే చంద్రగిరి. 1963లో టిబెట్టు కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చారు. జిరాంగ్‌లోని పెద్ద మఠాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మొక్కజొన్న చేల మధ్య ఆ బంగారు కప్పు కనబడినప్పుడు బస్సులో తొలిసారి వచ్చినవాళ్లందరూ ఒకవైపుకే వంగారు.

మఠం దగ్గర టీకొట్టు నడిపే పెద్దాయనకు తెలుగు బాగానే వచ్చు. చలికాలంలో విజయనగరంలో, విశాఖలో స్వెట్టర్లు అమ్మిన ఏళ్లలో పట్టుబడిందట. మృతదేహం చూపించడం గురించి అడిగితే ఆయనకు ముందు ప్రశ్నే వింతగా తోచింది. టిబెట్టులో దేహాన్ని రాబందులకు వేసే ఆచారం ఉంది. తొడ ఎముకతో చేసిన బాకా, పుర్రెతో చేసిన పాత్ర పూజలో వాడతారు. హిమాచల్‌ప్రదేశ్‌లో స్పితి లోయలోని గ్యూ గ్రామంలో 1975 భూకంపానికి బయటపడ్డ భిక్షువు దేహం, కూర్చున్న భంగిమలోనే, అద్దం వెనక ఇవాళ్టికీ ఉంది. "మాకు దేహమంటే భయం లేదు బాబూ. పాత ఇల్లు అది" అన్నాడు.

అయితే అభ్యంతరం లేనట్టేనా అంటే, ఉందన్నాడు. ప్రాణం పోయిన తర్వాత 49 రోజుల దాకా చైతన్యం దారి వెతుక్కుంటూ ఉంటుందని, ఆ రోజుల్లో దేహానికి ఎవరు ఏం చేశారన్నది పోయినవాడికి తగులుతుందని, లామా పక్కన కూర్చొని చదవవలసినది చదవాలని చెప్పాడు. చదివిన తర్వాత రాబందుకు వేసినా దోషం లేదు. చదవకుండా పట్టుబట్టలో పెట్టినా దోషమే. గ్యూ భిక్షువును ఊరివాళ్లు గుడి కట్టి పెట్టుకున్నారు, దీపం పెడుతున్నారు, బట్ట మారుస్తున్నారు. అతన్ని ఢిల్లీ తీసుకెళ్లి మెట్ల కింద గదిలో పెడితే అది వేరు.

2025 మే నెలలో హాంగ్‌కాంగ్‌లో వేలానికి పెట్టబోయిన పిప్రహ్వా రత్నాల సంగతి ఆయనకు తెలుసు. బుద్ధుని అస్థికలతో పాటు స్తూపంలో ఉంచిన మణులవి. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పగా వేలం ఆగి, జులైలో అవి దేశానికి తిరిగి వచ్చాయి. "అస్థికలతో ఉన్న రాయిని కూడా అమ్మకూడదన్నారు కదా. మరి అస్థికలు?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

మూడో రోజు: పర్లాకిమిడి

ఉదయగిరి మీదుగా పర్లాకిమిడి చేరేసరికి మధ్యాహ్నమయింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఈ ఊరు అటు వెళ్లిందన్న బాధ మా బావగారి తండ్రి తరంలో ఉండేది, బావగారికి లేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. దేవుడి గదిలో రోజూ అరగంట కూర్చుంటారు. అయినా దేహదానం చేస్తానని ఏడాదిగా ఇంట్లో అంటున్నారు. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించినప్పటి నుంచి ఆ మాట గట్టిపడింది. అక్క ఒప్పుకోవడం లేదు. కొడుకేమో, ఇస్తే ఇయ్యండి గాని నేను చదివినన్నాళ్లు మా కాలేజీకి మాత్రం వద్దన్నాడు.

భోజనాలయ్యాక మహేంద్రతనయ ఒడ్డుకు నడిచాం. పదోరోజు కర్మలు జరిగే రేవు అది. ఒక కుటుంబం పిండాలు పెట్టి కాకి కోసం ఎదురుచూస్తోంది. దూరంగా గట్టు మీద కూర్చొని, నా దగ్గరున్న ఉదాహరణలన్నీ బావగారి ముందు పెట్టాను.

ఈజిప్టులో అధ్యక్షుడు అన్వర్ సాదత్ 1980లో కైరో మ్యూజియంలోని రాజుల మమ్మీల గదిని మూయించారు; చనిపోయినవారి దేహాలను వినోదంగా చూపడం తగదన్నది కారణం. చనిపోయినవాని ఎముక విరవడం బతికున్నవాని ఎముక విరిచినట్టేనన్న హదీసు ముస్లిం పండితులు తరచుగా ఉదాహరించేది. 1994లో ఆ గది మళ్లీ తెరుచుకుంది. 2021లో 22 మమ్మీలను బంగారు రథాల వంటి బండ్లపై, సైనిక వందనంతో కొత్త మ్యూజియానికి ఊరేగించారు. బావగారికి ఈ కథ నచ్చలేదు. "మూసినా రాజకీయమే, ఊరేగించినా రాజకీయమే. ఆ రాజులు కోరుకున్నది చీకటి గది, మూసిన తలుపు. అది ఎవరిచ్చారు?" అన్నారు.

అమెరికాలో సిన్సినాటి ఆర్చిబిషప్ 2008లో, తమ కేథలిక్ బడుల పిల్లలను ప్లాస్టిక్ ఎక్కించిన దేహాల ప్రదర్శనకు విహారయాత్రగా తీసుకెళ్లవద్దన్నారు. ఎవరూ అడగడానికి రాని, ఎవరో తెలియని దేహాలను అలా చూపడం తగదన్నది ఆయన వాదన. అదే ఏడాది న్యూయార్కు రాష్ట్రంలో అటువంటి ప్రదర్శన నడిపే ఒక సంస్థ, తన దగ్గరి చైనా దేహాలు మరణశిక్ష పడిన ఖైదీలవి కావని తాను స్వయంగా నిర్ధారించలేనని బోర్డు పెట్టడానికి అంగీకరించవలసి వచ్చింది. 2009లో పారిస్ కోర్టు ఒక ప్రదర్శనను ఆపించింది. శవానికి చట్టం కేటాయించిన చోటు శ్మశానమే అన్నాడు మొదటి న్యాయమూర్తి. 2010లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా వ్యాపారం కోసం చేసే ఆ ప్రదర్శన మర్యాదకు విరుద్ధమనే తేల్చింది. ఆ కేసు వేసినవారు మతసంస్థలు కావు, మరణశిక్షను వ్యతిరేకించే వారు. మతవాదులను మూఢులని కొట్టిపారేసేవారికి ఈ సంగతి గుర్తుచేయాలని నాకు ఎప్పుడూ ఉంటుంది: ఆర్చిబిషప్పూ న్యాయమూర్తీ వేరువేరు దారుల్లో వచ్చి ఒక్క చోటే ఆగారు.

బావగారు లెక్కల మాస్టారు కనుక ఎదురు ఉదాహరణ వెతుకుతారు. శ్రీరంగంలో భగవద్రామానుజుల దేహమే ఆసనస్థితిలో సన్నిధిలో ఉందని శ్రీవైష్ణవుల విశ్వాసం. ఏడాదికి రెండుసార్లు పచ్చకర్పూరం, కుంకుమపువ్వు పూస్తారు. గోవాలో 1552లో పోయిన ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని పదేళ్లకోసారి ప్రజాదర్శనానికి ఉంచుతారు. 2024 నవంబరులో మొదలైన దర్శనం 2025 జనవరి 5 దాకా సాగింది. "మీ మతాలే చూపిస్తున్నప్పుడు మ్యూజియాన్ని అనడానికి నోరెక్కడిది?" అని ఆయన ప్రశ్న.

చాలాసేపు తర్కించుకున్నాం. నాకు తోచినది ఇది: దర్శనానికి వచ్చినవాడు చెప్పులు విడిచి వస్తాడు, ఆ దేహం పేరు ఎరిగి వస్తాడు, తాను కోరవలసినది ఆ దేహాన్నే కోరుకుంటాడు. అక్కడ పోయినవాడే పెద్ద. టిక్కెట్టు కొని వచ్చినవాడి ముందు పోయినవాడు వస్తువు. మ్యూజియంలో పేరుండదు, పేరుంటే చూడడం కష్టమవుతుంది కాబట్టి ఉండనివ్వరు. దాతల ఇష్టంతో ఇచ్చిన దేహాలేనని జర్మనీ ప్రదర్శకులు చెబుతారు, దాతల సంతకాలూ ఉన్నాయంటారు. ఆ సంతకం నాకు చిన్న విషయం కాదు. అయినా, పక్కవాడు ఫోటో తీసుకొని నవ్వుకునే హక్కు కూడా ఆ సంతకంలో కలిసి ఉందని దాతకు తెలుసునా అన్నది నా శంక.

"అనాథ ప్రేత సంస్కారం అశ్వమేధంతో సమానమంటారు కదా" అన్నారు బావగారు లేస్తూ. "ఎవరూ లేని శవాన్ని తెచ్చి టిక్కెట్టు పెట్టడానికి ఏ పేరు పెట్టాలో మరి." రేవులో కాకి అప్పటికే పిండం ముట్టింది.

నాలుగో రోజు: గుణుపురం, సవర ఊరు

పర్లాకిమిడి నుంచి గుణుపురం రైలు ఒకప్పుడు సన్న పట్టాల మీద నడిచేది; 2011 నుంచి పెద్ద పట్టాల మీద నడుస్తోంది. వంశధార పక్కనే సాగే ఈ ప్రయాణానికి తెలుగువారు, ఒడియావారు, సవరలు ఒకే పెట్టెలో మూడు భాషల్లో మాట్లాడుతూ వస్తారు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తిగారు ఈ దారుల్లోనే తిరిగారు.

గుణుపురం నుంచి జీపులో కొండ ఊరికి వెళ్లాం. తీసుకెళ్లినవాడు అక్కడి బడిలో పనిచేసే తెలుగు పంతులు. ఊరి చివర చెట్టు కింద రాళ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మోకాలెత్తువి, నడుమెత్తువి, నేలకు ఒరిగినవి, నాచు పట్టినవి. ఒకదాని మొదట్లో మట్టి ఇంకా గుల్లగానే ఉంది, పైన ఎండిన నెత్తురు చారలు, నాలుగు బియ్యపు గింజలు. పోయినవారిని దహనం చేస్తారు. ఆ తర్వాత వీలు చూసుకొని గువార్ అనే పెద్ద తంతు చేసి, దున్నను బలి ఇచ్చి, పోయినవారి పేర రాయి నాటుతారు. అది జరిగేవరకు పోయినవాడు కుదురుగా ఉండడు, ఇంటివాళ్లకు జబ్బు చేస్తాడు, పూజారిణి నోట పలికి తనకు రావలసినది అడుగుతాడు. రాయి నాటాక పెద్దల్లో కలుస్తాడు.

ఊళ్లో సగం ఇళ్లు బాప్టిస్టులవి. వాళ్లకు రాళ్లు లేవు. దిగువన సిమెంటు సమాధులు, వాటి మీద శిలువ, తేదీలు. ఆ సంఘం పాస్టరు తెలుగులో తీరిగ్గా మాట్లాడారు. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని బైబిల్లో ఉందని, ఆలయం ఖాళీ అయ్యాక కూడా దాన్ని ఎవరూ కాలితో తన్నరని చెప్పారు. పునరుత్థానానికి ఎముకలు కావాలని తాను నమ్మనని, సముద్రంలో పోయినవాడినీ దేవుడు లేపగలడని, కాబట్టి తన అభ్యంతరం పోయినవాడి కోసం కాదని కూడా అన్నారు. "చూసేవాడి కోసం సార్. ఇవాళ శవాన్ని బొమ్మగా చూడడం నేర్చినవాడు రేపు మనిషిని ఎలా చూస్తాడు?"

రాళ్ల దగ్గర విప్పపూలు ఆరబెట్టుకుంటున్న ముసలమ్మ సవరల పాత పద్ధతిలోనే ఉన్నది. కొడుకులు చర్చికి వెళ్తారు. పంతులు నా ప్రశ్నను ఆమె భాషలోకి మార్చడానికి తంటాలు పడ్డాడు. పట్నంలో చచ్చినవాళ్లను పాడవకుండా నిలబెట్టి జనానికి చూపిస్తారని చెప్పగా, ఆమె ముందు నమ్మలేదు. తర్వాత అడిగింది: వాళ్లు రాత్రి పూట ఎవరితో మాట్లాడతారు? వాళ్ల మాట వినే పూజారిణి అక్కడ ఉన్నదా? లేదన్నాం. అయితే జబ్బులు రావడం లేదా అంది. నాకు నవ్వు రాలేదు. తనకు రాయి ఎవరు నాటుతారన్న దిగులు ఆమె మాటల వెనకే ఉందని పంతులు దిగివచ్చేటప్పుడు చెప్పాడు.

కొండజాతుల విషయంలో ఈ ప్రశ్నకు మరో పదును ఉంది. సామ్రాజ్యాల కాలంలో మ్యూజియాలకు చేరిన దేహాల్లో చాలా భాగం ఇటువంటి ఊళ్ల నుంచి పోయినవే. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. అక్కడ ఉన్న నాగా పూర్వికుల అవశేషాలను తిరిగి తెచ్చుకోవడానికి నాగాలు సంప్రదింపులు జరుపుతున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక వేలం సంస్థ కొమ్ములు తగిలించిన నాగా పుర్రెను అమ్మకానికి పెడితే, నాగాలాండ్ ముఖ్యమంత్రి విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశారు. సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. నాగాల్లో అత్యధికులు ఇప్పుడు క్రైస్తవులు. అడుగుతున్నది పాత మతం కాదు, మనవలు.

అయిదో రోజు: రాయగడ, కొరాపుట్

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకొని కొరాపుట్ రైలెక్కాను. సొరంగాల సంఖ్య లెక్కపెడదామని మొదలుపెట్టిన పక్క సీటు పిల్లవాడు కాసేపటికి నిద్రపోయాడు.

కొరాపుట్ గుట్ట మీద జగన్నాథుని గుడిని శబర శ్రీక్షేత్రమంటారు. పక్కనే గిరిజన మ్యూజియం. ఆ గదుల్లో నగలు, విల్లంబులు, వాద్యాలు, చేపల బుట్టలు చూశాను. గుడిలో పూజారిని, జగన్నాథుని పాత కొయ్య మూర్తుల స్థానంలో కొత్తవి పెట్టే నవకళేబరం గురించి అడిగాను. పూరీలో 2015లో జరిగింది కదా, అప్పుడు దేవుడి పాత దేహాలు ఏమయ్యాయని. ఆయన చెప్పినది ఒడిశాలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే: కళ్లకు గంతలు, చేతులకు గుడ్డ చుట్టుకొని, అర్ధరాత్రి ఊరంతా దీపాలు ఆర్పిన వేళ పాత మూర్తుల లోపలున్న బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తుల్లోకి మారుస్తారు, పాత మూర్తులను గుడి ఆవరణలోని కొయిలి వైకుంఠంలో పాతిపెడతారు, దేవుణ్ణి మొదట కొలిచిన శబర విశ్వావసు సంతతిగా చెప్పుకునే దైతాపతులనే సేవకులు సొంత తండ్రి పోయినట్టు మైల పడతారు, పదోరోజు క్షౌరం చేయించుకుంటారు.

పందొమ్మిదేళ్లు లక్షలమంది మొక్కిన దారుమూర్తులను ఏ మ్యూజియమైనా కోటి రూపాయలిచ్చి తీసుకునేది. కలపను పాడవకుండా నిలపడం కష్టం కూడా కాదు. ఆ మాట అంటే పూజారి, "తీసుకుంటే మైల ఎప్పుడు తీరుతుంది?" అన్నారు. బరంపురం పురోహితుల అభ్యంతరం, కొండ మీది ముసలమ్మ అడిగినది, ఈయన మాట దాదాపు ఒకటే. దేహం కనబడడం వీళ్లెవరికీ అంత బాధ కాదు. తంతు ముగియకపోవడం బాధ. పోయినవాడిని ఎన్నటికీ పోనివ్వకపోవడం బాధ. ప్లాస్టిక్ ఎక్కించిన దేహం ఆ ముగింపును శాశ్వతంగా అడ్డుకుంటుంది. కాలేజీలో బల్ల మీది శవం అలా కాదు. పాఠం అయ్యాక దహనమో ఖననమో ఉంటుంది. అందుచేత కాలేజీని ఒప్పుకొని ప్రదర్శనను కాదనడంలో నాకు వైరుధ్యం కనబడదు.

రాత్రి లాడ్జి నుంచి బావగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన ఫారం ముందు పెట్టుకొనే ఉన్నారు. బోధనకూ పరిశోధనకూ తప్ప ప్రజాప్రదర్శనకు వాడరాదని తన చేత్తో ఒక వాక్యం అదనంగా రాస్తానని, వాళ్లు ఒప్పుకోకపోతే మరో కాలేజీ చూస్తానని అన్నారు. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. ఫోన్ లాక్కున్నట్టుంది.

"ఒరే, వాళ్ల పని అయిపోయాక ఎముకలు ఇస్తారా ఇవ్వరా, అది కూడా కనుక్కోమను. ఇస్తామంటే ఆలోచిస్తాను. గోదావరికి నేనే పట్టుకెళ్తాను."

ఇస్తారో లేదో బావగారు సోమవారం వెళ్లి అడుగుతారు.